డిజైనర్ కాని డెవలపర్లకు మొబైల్ యాప్ డిజైన్: తరచుగా అడిగే ప్రశ్నలు

కోడ్ రాయడం వచ్చు, యాప్ బాగానే పనిచేస్తుంది, చూడ్డానికి మాత్రం ఏదో తేడాగా ఉంటుంది. ఈ ఇబ్బంది ఉన్నవాళ్లు అడిగే ప్రశ్నలివి. ఉదాహరణ కావలసిన చోటల్లా ఒకే యాప్‌ని తీసుకున్నాను. అది ఇంటింటికీ వాడుక పాలు పోసేవాళ్లు నెల లెక్క రాసుకునే యాప్. ఎవరికి ఎన్ని లీటర్లు పోశారు, ఎవరు ఎంత ఇవ్వాలి, ఎవరి దగ్గర పాత బాకీ ఉంది, అంతే దాని పని.

నాకు బొమ్మలు గీయడం రాదు, ఏ రంగు పక్కన ఏది నప్పుతుందో తెలియదు. ఇది నావల్ల అవుతుందా?

అవుతుంది. యాప్ డిజైన్‌లో గీతపని చాలా తక్కువ. ఏది ముందు కనపడాలి, ఏది దేని పక్కన ఉండాలి, ఏది అసలు ఉండనక్కర్లేదు అని తేల్చుకోవడమే అసలు పని. ఫంక్షన్ పొడవైతే విడగొట్టడం, ఒకే లాజిక్ రెండు చోట్ల ఉంటే ఒకచోటికి తేవడం మీకు అలవాటే కదా, ఇక్కడా అదే బుర్ర పనికొస్తుంది. చూసి ముచ్చటపడే యాప్ మొదటిసారే రాకపోవచ్చు. కానీ పాలు పోసే ఆయనకి ముచ్చట్లతో పని లేదు. తెల్లారకముందే, బండి మీద కూర్చుని, ఒక చేత్తో లెక్క వేసుకోగలిగితే చాలు.

సరే, ముందు ఎక్కడ చెయ్యి పెట్టాలి? రంగులు మార్చనా?

రంగులు ఆఖర్న చూద్దాం. దాదాపు అందరూ అక్కడే మొదలుపెట్టి, వారం రోజులు నీలం షేడ్లు మార్చి మార్చి విసిగిపోతారు.

ముందు యాప్‌లోని ప్రతి స్క్రీన్‌కి స్క్రీన్‌షాట్ తీసి వరసగా పెట్టుకోండి. ఒక్కోదాని కింద ఒక్క వాక్యం రాయండి: మనిషి ఈ స్క్రీన్‌కి ఎందుకొస్తాడు? "ఈరోజు పోసిన పాలు రాయడానికి" అని రాశారనుకోండి. ఇప్పుడు ఆ స్క్రీన్‌లో ఆ పనికి సంబంధం లేనివి ఏమేం ఉన్నాయో చూడండి. పైన బ్యానర్, గత నెల గ్రాఫ్, యాప్‌ని షేర్ చేయమనే బటన్, వెర్షన్ నంబర్. వీటిలో సగం తీసేయొచ్చు, మిగతావి వేరే స్క్రీన్‌కి పంపొచ్చు. ఒక వాక్యంలో రాయలేకపోతే ఆ స్క్రీన్ రెండు పనులు చేస్తోందన్నమాట, దాన్ని రెండుగా చేయండి.

తర్వాత, మిగిలినవాటిలో ఏది పెద్దది, ఏది చిన్నది అన్న తేడా చూడండి. శుభలేఖ చేతికి రాగానే మన కళ్లు ముహూర్తం, కళ్యాణమండపం ఎక్కడా అని వెతుకుతాయి. అచ్చువేసినవాళ్లు బంధువుల పేర్లన్నీ అదే సైజులో, అదే బంగారు రంగులో వేస్తే టైమ్ ఎక్కడుందో దొరకదు. యాప్‌లోనూ అన్నీ బోల్డ్ చేస్తే ఏదీ బోల్డ్ కానట్టే. ఖాతాదారు పేరు, ఇవ్వాల్సిన మొత్తం ఈ రెండూ పెద్దగా ఉండాలి. ఫోన్ నంబరు, చివరిసారి డబ్బు ఇచ్చిన తేదీ చిన్నగా, కొంచెం లేత రంగులో ఉంటే సరిపోతుంది.

ఇది కుదిరిందో లేదో తెలుసుకోవడానికి స్క్రీన్‌షాట్‌ని బ్లాక్ అండ్ వైట్ చేసి, బొటనవేలంత సైజుకి తగ్గించి చూడండి. అప్పటికీ ముఖ్యమైనది ఏదో తెలుస్తుంటే అమరిక బాగున్నట్టే. రంగు తీసేయగానే అంతా ఒకే ముద్దలా కనిపిస్తే, ఇన్నాళ్లూ రంగే భారమంతా మోస్తోందని అర్థం.

ఎంత ఖాళీ వదలాలి? ప్రతిసారీ కంటితో అంచనా వేస్తున్నాను.

అంచనాలు మానేసి లెక్క పెట్టుకోండి. 4, 8, 16, 24, 32. ఈ అంకెలు తప్ప వేరేవి వాడకండి. గూగుల్ 2014లో తెచ్చిన మెటీరియల్ డిజైన్ అనే డిజైన్ పద్ధతి కూడా 8 డీపీ గ్రిడ్ మీదే నడుస్తుంది (డీపీ అంటే ఏ ఫోన్‌లోనైనా దాదాపు ఒకే సైజులో కనపడే ఆండ్రాయిడ్ కొలత). కోడ్‌లో ఒకచోట 13, ఇంకోచోట 17 అని ఉంటే వాటిని దగ్గరి అంకెకి మార్చేయండి. ఈ ఒక్క మార్పుతోనే చాలా యాప్‌లు ఒక కొలిక్కి వస్తాయి.

ఇంకో సూత్రం కూడా ఉంది. సంబంధం ఉన్నవాటి మధ్య ఖాళీ తక్కువ, లేనివాటి మధ్య ఎక్కువ ఉండాలి. ఖాతాదారు పేరుకీ, ఆయన బాకీకీ మధ్య 4 డీపీ చాలు. ఒక ఖాతాకీ తర్వాతి ఖాతాకీ మధ్య 16 ఉండాలి. అన్నిటికీ ఒకే 12 ఇచ్చేస్తే ఏ అంకె ఎవరిదో తికమక అవుతుంది. అప్పుడు ఆ తికమక పోగొట్టడానికి గీతలు గీస్తారు, బాక్సులు కడతారు, నీడలు వేస్తారు. ఖాళీ సరిగ్గా వదిలితే వాటిలో చాలావరకు అక్కర్లేదు.

రంగులు ఎన్ని ఉండాలి?

తెలుపు, నలుపు, నాలుగైదు రకాల బూడిద రంగులు, వాటితో పాటు ఒక్క ముఖ్యమైన రంగు. ఆ రంగుని నొక్కదగిన వాటికే వాడండి. హెడింగ్‌కీ అదే రంగు, అలంకారానికీ అదే రంగు వాడితే ఏది బటనో ఏది కాదో మనిషికి తెలియదు. తప్పు జరిగిందని చెప్పడానికి ఎరుపు, పని అయిందని చెప్పడానికి ఆకుపచ్చ వేరుగా ఉంచుకోండి.

ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియనివాళ్లు, ముఖ్యంగా మగవాళ్లలో, మీరనుకునేదానికన్నా ఎక్కువమందే ఉంటారు. అందుకని బాకీ ఉన్నవాళ్ల పేరు ఎరుపు చేసి వదిలేయకుండా, పక్కన "బాకీ" అని రాయండి.

లేత బూడిద రంగు అక్షరాలు చూడ్డానికి నీట్‌గా ఉంటాయి కదా?

మీ ల్యాప్‌టాప్ మీద ఉంటాయి. ఎండలో, తక్కువ ధర ఫోన్‌లో కనపడవు.

దీనికి కచ్చితమైన కొలత ఉంది. వెబ్, యాప్‌లు అందరికీ అందుబాటులో ఉండాలని తయారుచేసిన డబ్ల్యూసీఏజీ ప్రమాణాల్లో ఏఏ స్థాయి ప్రకారం, మామూలు అక్షరాలకీ వెనకున్న రంగుకీ మధ్య కాంట్రాస్ట్ కనీసం 4.5:1 ఉండాలి, పెద్ద అక్షరాలకైతే 3:1 చాలు. తెల్లటి నేపథ్యం మీద #999999 బూడిద రంగు వేస్తే 2.85 దగ్గరే ఆగిపోతుంది. #767676 అయితే 4.54 వస్తుంది, అంటే సరిగ్గా గట్టెక్కుతుంది. దానికన్నా లేతగా వెళ్లొద్దు. గూగుల్ వాళ్ల యాక్సెసిబిలిటీ స్కానర్ అనే ఉచిత యాప్‌ని ఫోన్‌లో వేసుకుంటే, మీ స్క్రీన్‌లో ఏ అక్షరాలు ఈ పరీక్ష తప్పుతున్నాయో, ఏ బటన్లు మరీ చిన్నగా ఉన్నాయో అదే చూపిస్తుంది.

ఇంగ్లిష్‌లో బాగున్న స్క్రీన్ తెలుగు పెట్టగానే చెడిపోతోంది. ఎందుకు?

ఈ ప్రశ్నకి కొంచెం ఎక్కువ చోటు ఇవ్వాలి, ఎందుకంటే ఇంగ్లిష్ డిజైన్ గైడ్లు దీన్ని దాదాపు పట్టించుకోవు.

మొదటిది ఎత్తు. తెలుగు అక్షరానికి పైన గుడి, కింద వత్తు. "స్త్రీ" అనే ఒక్క అక్షరమే రెండు వత్తులతో, పైన గుడిదీర్ఘంతో ఎంత ఎత్తు తీసుకుంటుందో చూడండి. ఇంగ్లిష్ అక్షరాలకి సరిపడా లైన్ ఎత్తు పెడితే పై వాక్యంలోని వత్తులు కింది వాక్యంలోని గుడుల్ని తాకుతాయి. బటన్‌కి ఎత్తు ఫిక్స్ చేసి ఉంటే వత్తు సగానికి తెగిపోతుంది. నా మటుకు నేను తెలుగు పేరాలకి ఫాంట్ సైజుకి 1.5 నుంచి 1.7 రెట్ల లైన్ ఎత్తు పెడతాను. బటన్లకి, లిస్టులో వరసలకి ఎత్తు ఫిక్స్ చేయకుండా కనీస ఎత్తు మాత్రమే ఇచ్చి, పైనా కిందా ప్యాడింగ్ పెట్టండి.

రెండోది వెడల్పు. ఇంగ్లిష్‌లో నాలుగక్షరాల 'సేవ్' బటన్ తెలుగులో "భద్రపరచండి" అయితే పక్కనున్నదాన్ని తోసేస్తుంది. ఇక్కడ రెండు దారులున్నాయి. జనం నోట్లో నలిగిన మాటే పెట్టడం ఒకటి. "సేవ్" అనే రాయండి, అందరికీ తెలుసు. రెండోది, పక్కపక్కన పెట్టిన రెండు బటన్లని ఒకదాని కింద ఒకటి వచ్చేలా మార్చడం. అనువాదం ఇంకా చేతికి రాకపోతే ఆండ్రాయిడ్‌లో పరీక్ష కోసమే ఉండే ఉత్తుత్తి భాష, సూడోలొకేల్ వాడండి. అది ఇంగ్లిష్ మాటల్నే సాగదీసి చూపిస్తుంది, ఎక్కడ పగులుతుందో ముందే తెలుస్తుంది.

మూడోది అక్షరాల మధ్య దూరం. మెటీరియల్ డిజైన్‌లో కొన్ని టెక్స్ట్ స్టైల్స్‌కి లెటర్ స్పేసింగ్ ముందే ఉంటుంది, చదివే విషయానికి వాడే బాడీ టెక్స్ట్‌కి 0.5 దాకా. తెలుగుకి దాన్ని సున్నా చేయండి. లేకపోతే మాట విడిపోయినట్టు ఉంటుంది.

నాలుగోది ఫాంట్. గూగుల్ ఫాంట్స్‌లో తెలుగుకి మంచివే దొరుకుతాయి, ఉచితం కూడా. లెక్కలు, లిస్టులు ఉండే యాప్‌కి నోటో శాన్స్ తెలుగు, హింద్ గుంటూరు లాంటివి నప్పుతాయి. అనేక్ తెలుగు అయితే ఒకే కుటుంబంలో ఇరుకు రకం నుంచి వెడల్పు రకం దాకా ఉన్నాయి, చోటు తక్కువున్న చోట ఇరుకుది వాడుకోవచ్చు. రామభద్ర చూడ్డానికి బలంగా, బాగుంటుంది, కానీ దాన్ని హెడింగ్ దాటనివ్వకండి. ఖాతాల లిస్టంతా రామభద్రలో వేస్తే వాల్‌పోస్టర్ చదువుతున్నట్టుంటుంది.

ఇక అంకెలు. పన్నెండు లక్షల ముప్ఫై నాలుగు వేలని 1,234,000 అని కాకుండా 12,34,000 అని చూపించాలి. కామాలు మీరే పెట్టకుండా నంబర్ ఫార్మాటర్‌కి భారతదేశపు లొకేల్ ఇస్తే అదే చూసుకుంటుంది.

అక్షరాల సైజు ఎంత ఉండాలి?

చదవాల్సిన విషయానికి 16 ఎస్‌పీ, పక్క వివరాలకి 14. తెలుగులో 12 అంటే వత్తులు చుక్కల్లా అయిపోతాయి. సైజుని డీపీలో కాకుండా అక్షరాల కోసమే ఉన్న ఎస్‌పీ కొలతలోనే ఇవ్వండి, అప్పుడే ఫోన్ సెట్టింగ్స్‌లో అక్షరాలు పెద్దవి చేసుకున్నవాళ్లకి మీ యాప్‌లోనూ పెద్దవి అవుతాయి. ఆండ్రాయిడ్ 14 నుంచి దాన్ని 200 శాతం దాకా పెంచుకోవచ్చు. నలభై దాటినవాళ్లు చాలామంది పెంచుకునే ఉంటారు. మీ ఫోన్‌లోనూ పూర్తిగా పెంచి యాప్ తెరిచి చూడండి, టెన్షన్ పడకుండా.

బటన్లు ఎంత పెద్దగా, ఎక్కడ ఉండాలి?

ఆండ్రాయిడ్‌లో వేలు తగిలే చోటు కనీసం 48 డీపీ పొడవు, 48 డీపీ వెడల్పు, అంటే సుమారు 9 మిల్లీమీటర్లు. యాపిల్ చెప్పేది 44 పాయింట్లు. ఐకాన్ 24 ఉన్నా ఫర్వాలేదు, దాని చుట్టూ నొక్కితే పనిచేసే చోటు 48 ఉండాలి.

ఎక్కడ అంటే, బొటనవేలు అందే చోట. స్టీవెన్ హూబర్ అనే డిజైనర్ 2013లో బస్సుల్లో, వీధుల్లో ఫోన్ వాడుతున్న 1,333 మందిని గమనిస్తే, స్క్రీన్‌ని తాకుతూ వాడుతున్నవాళ్లలో 49 శాతం మంది ఒంటి చేత్తో వాడుతూ కనిపించారు. అప్పటికి ఫోన్లు చిన్నవి. ఇప్పటి పొడవాటి ఫోన్లలో పై మూల ఇంకా దూరమైపోయింది. కాబట్టి రోజూ పదిసార్లు నొక్కే "పాలు రాయి" బటన్ కింద ఉండాలి. ఖాతా తొలగించే బటన్ దాని పక్కన మాత్రం ఉండకూడదు.

ఐకాన్ ఒక్కటే పెడితే చాలదా? చోటు కలిసొస్తుంది.

భూతద్దం, ఇల్లు, చెత్తబుట్ట, వెనక్కి బాణం. వీటిని ఎవరైనా గుర్తుపడతారు. మిగతావాటి కింద మాట రాయండి. "పాత బాకీలు" అన్నదానికి ఏ ఐకాన్ పెట్టినా చూసినవాళ్లు తలో రకంగా అనుకుంటారు. ఐకాన్లన్నీ ఒకే సెట్ నుంచి తీసుకోండి. మెటీరియల్ సింబల్స్ ఉచితమే. గీతలతో గీసినది ఒకటి, నిండుగా ఉన్నది ఒకటి, రంగులది ఒకటి కలిపితే యాప్ మొత్తం అతుకులబొంతలా తయారవుతుంది.

మూడు గీతల మెనూ మంచిదా, కింద ట్యాబ్‌లు మంచివా?

ముఖ్యమైన విభాగాలు 3 నుంచి 5 దాకా ఉంటే కింద ట్యాబ్‌లు. మెటీరియల్ డిజైన్ చెప్పే లెక్కా అదే. మూడు గీతల వెనక దాచినవి చాలామందికి కనపడనే కనపడవు. అక్కడ సెట్టింగ్స్, యాప్ గురించి లాంటివి ఉంచితే నష్టం లేదు.

ఫారమ్ నింపమంటే జనం మధ్యలోనే వదిలేస్తున్నారు. ఏం చేయాలి?

అడిగేవి తగ్గించండి. కొత్త ఖాతాకి పేరు, రోజుకి ఎన్ని లీటర్లు, లీటరు ధర, ఈ మూడే నిజంగా అవసరం. చిరునామా, ఈమెయిల్, పుట్టినరోజు ఎందుకు? పుట్టినరోజు శుభాకాంక్షలు పంపే ఫీచర్ ఎప్పుడో పెడదామనుకున్నారు కాబట్టి. ఆ ఎప్పుడో వచ్చాక అడగొచ్చు.

ఫోన్ నంబరు దగ్గర అంకెల కీబోర్డే తెరుచుకోవాలి. నంబరులో ఖాళీలు కొట్టినా, ముందు +91 పెట్టినా తప్పని తిప్పికొట్టకుండా మీ కోడే సర్దుకోవాలి. ఓటీపీ దానంతటదే పడాలి. ధర అందరికీ ఒకటే అయితే అది ముందే నింపి ఉండాలి. ఫీల్డ్ పేరుని లోపల లేత అక్షరాలతో రాసి వదిలేయొద్దు, టైప్ చేయడం మొదలుపెట్టగానే అది మాయమై, ఏం అడిగారో మర్చిపోతారు. పేరు ఎప్పుడూ ఫీల్డ్ పైనే కనపడాలి.

అనుమతుల గురించీ ఇక్కడే చెప్పాలి. యాప్ తెరవగానే కాంటాక్ట్స్, లొకేషన్, నోటిఫికేషన్లు అన్నీ ఒకేసారి అడిగే యాప్‌లున్నాయి. ఆండ్రాయిడ్ 11 నుంచి ఒక అనుమతిని మనిషి రెండుసార్లు కాదంటే, ఆ డైలాగ్ మళ్లీ రాదు. సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఇవ్వమని బతిమాలుకోవాల్సిందే. అందుకే "కాంటాక్ట్స్ నుంచి తీసుకో" అన్న బటన్ నొక్కినప్పుడు మాత్రమే కాంటాక్ట్స్ అడగండి.

ఎర్రర్ మెసేజ్‌లు, ఖాళీ స్క్రీన్లు కూడా డిజైన్‌లో భాగమేనా?

నన్నడిగితే అసలు డిజైన్ అక్కడే తెలుస్తుంది. అన్నీ సవ్యంగా ఉన్నప్పుడు ఏ యాప్ అయినా బాగానే ఉంటుంది.

"ఏదో పొరపాటు జరిగింది" అంటే ఎవరికీ ఉపయోగం లేదు. "ఇంటర్నెట్ లేదు. మీరు రాసిన లెక్క ఫోన్‌లో ఉంది, నెట్ రాగానే వెళ్తుంది" అంటే మనిషి నిశ్చింతగా తర్వాతి ఇంటికి వెళ్తాడు. అందులో ఏమైంది, ఆయన రాసింది పోయిందా ఉందా, ఇప్పుడేం చేయాలి అన్న మూడూ ఉన్నాయి. కొత్తగా వేసుకున్నవాళ్లకి ఖాతాల లిస్ట్ ఖాళీగా ఉంటుంది. అక్కడ తెల్ల స్క్రీన్ చూపించకుండా, "ఇంకా ఖాతాలు లేవు" అని రాసి, కిందే "మొదటి ఖాతా చేర్చు" బటన్ పెట్టండి.

ఆలస్యానికి యూజబిలిటీ నిపుణుడు జేకబ్ నీల్సన్ చెప్పిన హద్దులు ఇప్పటికీ పనికొస్తాయి. 0.1 సెకనులో స్పందన వస్తే వెంటనే అయినట్టు అనిపిస్తుంది, 1 సెకను దాకా ఆలోచన తెగదు, 10 సెకన్లు దాటితే మనిషి వేరే పనిలో పడతాడు. సెకను దాటే పనికి ఏదో జరుగుతోందని చూపించండి.

పొరపాటున తీసేస్తారేమోనని "నిజంగా తొలగించాలా?" అని ప్రతిసారీ అడిగితే జనం చదవకుండానే అవును నొక్కేస్తారు. తొలగించేసి, కింద కొన్ని సెకన్లు "వెనక్కి తీసుకో" అని చూపించడం మేలు.

డార్క్ మోడ్ పెట్టాలా?

లైట్ మోడ్ కుదిరాక. పెడితే మాత్రం నేపథ్యానికి చిక్కటి నలుపు కాకుండా #121212 లాంటి ముదురు బూడిద తీసుకోండి. లోగో, చార్టులు విడిగా సరిచూడండి.

యానిమేషన్లు?

మీ ఫ్రేమ్‌వర్క్ ఇచ్చినవి చాలు.

స్క్రీన్లు గీసే ఫిగ్మా అనే సాఫ్ట్‌వేర్ నేర్చుకోవడం తప్పనిసరా?

కాదు. కాగితం మీద పెన్నుతో నాలుగు రకాలుగా గీసి చూడటం చాలా వేగంగా అవుతుంది. ఫ్లట్టర్, కంపోజ్‌లతో యాప్ రాసేవాళ్లకి, కోడ్ మార్చగానే స్క్రీన్ చూపించే హాట్ రీలోడ్, ప్రివ్యూ ఉండనే ఉన్నాయి. వేరేవాళ్లకి చూపించి ఒప్పించాల్సి వచ్చినప్పుడు ఫిగ్మా ఉపయోగపడుతుంది.

ఏఐతో స్క్రీన్లు చేయించుకోవచ్చా? బాగున్న యాప్‌ని చూసి చేసుకోవచ్చా?

రెండూ చేయొచ్చు. ఏఐ ఇచ్చే స్క్రీన్లు మొదటి చూపుకి మెరుస్తాయి, కానీ వాటిలోని పేర్లు పొట్టివి, అంకెలు చిన్నవి, లిస్టులు నిండుగా ఉంటాయి. "కొల్లిపర వెంకట సత్యనారాయణ" అనే పేరు, ఐదంకెల బాకీ పెట్టి చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. డిజైనర్లు తమ పనితనం చూపించడానికి పెట్టే నమూనా స్క్రీన్లకీ ఇదే వర్తిస్తుంది. మీ స్క్రీన్‌షాట్ ఇచ్చి లోపాలు చెప్పమనడానికి ఏఐ బాగా పనికొస్తుంది.

యాప్‌లని చూసి నేర్చుకునేటప్పుడు, మీ వినియోగదారులు ఇప్పటికే రోజూ వాడేవాటినే చూడండి. ఫోన్‌పే, వాట్సాప్ వాళ్ల చేతికి అలవాటైపోయాయి. డబ్బు వచ్చినది ఎలా చూపిస్తారు, లిస్టులో ఎలా వెతుకుతారు అన్నవి వాటిలాగే ఉంటే మీరు కొత్తగా ఏమీ నేర్పించక్కర్లేదు. పద్ధతి తీసుకోండి, లోగో, బొమ్మలు, రంగుల కలయిక మాత్రం వాళ్లవి.

బాగుపడిందో లేదో ఎలా తెలుస్తుంది?

యాప్‌ని ఎప్పుడూ చూడనివాళ్ల చేతికిచ్చి, ఒక పని చెప్పి, నోరు మూసుకుని కూర్చోవాలి. ఈ మూడోదే కష్టం. "ఇక్కడ నొక్కండి" అని వేలు పెట్టారో, ఆ పరీక్ష అయిపోయినట్టే.

ఎక్కువమంది అక్కర్లేదు. ఒక్కో విడతకి ఐదుగురితో చూస్తే పెద్ద లోపాల్లో చాలావరకు బయటపడతాయని నీల్సన్ 2000లోనే వాదించాడు. ఐదుగురితో చూసి, సరిచేసి, మళ్లీ వేరే ఐదుగురితో చూడండి. ఆ ఐదుగురూ మీ ఆఫీసువాళ్లు కాకూడదు. పాలు పోసేవాళ్లే దొరికితే మంచిది, లేదంటే కిరాణా కొట్టాయన, మీ పిన్నిగారు. "ఈ యాప్ ఎలా ఉంది?" అని అడగొద్దు, మన దగ్గర ఎవరూ మొహం మీద బాగాలేదనరు. "రమణమ్మగారికి నిన్న అర లీటరు ఎక్కువ పోశారు, అది రాయండి" అని పని చెప్పండి. వేలు ఎక్కడ ఆగింది, ముందు ఎక్కడికి వెళ్లింది, ఎప్పుడు మీ మొహంలోకి చూశారు, ఇవి రాసుకోండి. పరీక్షకి వాళ్ల ఫోనే వాడండి. పగిలిన గ్లాసు, తగ్గించిన బ్రైట్‌నెస్, నిండిపోయిన స్టోరేజ్‌తో సహా.

క్లయింట్ లోగో పెద్దది చేయమంటున్నాడు, ఇంకో నాలుగు రంగులు వేయమంటున్నాడు. ఎలా కాదనాలి?

మీ అభిరుచికీ ఆయన అభిరుచికీ పోటీ పెడితే డబ్బిచ్చేవాడే గెలుస్తాడు. పై పరీక్షలో తీసిన వీడియో చూపించండి. తన ఖాతాదారు బటన్ దొరక్క అవస్థ పడుతుంటే చూసిన మనిషి లోగో గురించి కాసేపు మర్చిపోతాడు. అప్పటికీ పట్టుబడితే మొదట వచ్చే స్ప్లాష్ స్క్రీన్‌లో లోగోని ఆయన కోరినంత పెద్దది చేసేయండి.

డిజైనర్‌ని ఎప్పుడు పెట్టుకోవాలి?

లోగో, బ్రాండ్ రూపం కావాలన్నప్పుడు, లేదా ఒకే స్క్రీన్‌ని మూడుసార్లు మార్చినా జనం అక్కడే తడబడుతున్నప్పుడు. మొత్తం యాప్ ఇవ్వలేకపోతే ఆ ఒక్క స్క్రీన్‌కే, గంటల లెక్కన మాట్లాడుకోవచ్చు. వెళ్లేటప్పుడు స్క్రీన్‌షాట్లు, ఒక్కోదాని కింద మీరు రాసుకున్న ఆ ఒక్క వాక్యం, జనం తడబడిన వీడియోలు పట్టుకెళ్లండి. "కొంచెం అందంగా చేసి పెట్టండి" అని మాత్రం చెప్పకండి, బిల్లు పెరుగుతుంది.